ప్లస్ గుర్తు ఎప్పుడూ బండికి ఇవతలే పడింది: ఒక నిఘా డ్రోన్ కేస్ స్టడీ

ముందే ఒప్పేసుకుంటున్నా, ఈ కేసులో తప్పు నాదే. దాన్ని వెతుకుతూ రెండు రోజులు తిరిగింది కూడా నేనే, రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది కానీ ఇదే లైన్లో పనిచేసే మనవాళ్ళు బెంగళూరులో చాలామంది ఉన్నారు, ఇదే గుంటలో ఇంకొకళ్ళు పడకూడదని రాస్తున్నా.

మాది బెంగళూరు పీణ్యలో చిన్న కంపెనీ. ఒక పక్క షెడ్డులో సీఎన్‌సీ మెషీన్లు, ఇంకో పక్క పౌడర్ కోటింగ్ వాళ్ళు, మధ్యలో మేం. డ్రోన్ మొత్తం మేం చెయ్యం, దాని కడుపు కింద వేలాడే గింబల్ కెమెరా (గింబల్ అంటే కెమెరాని ఊగకుండా పట్టుకుని కావాల్సిన వైపు తిప్పే స్టాండు), దాని సాఫ్ట్‌వేర్, గ్రౌండ్ స్టేషన్‌లో కనిపించే స్క్రీన్, ఇంతవరకే మాది. డ్రోన్ ఇంకో కంపెనీది, నిలువుగా లేచి తర్వాత విమానంలా ఎగిరే రకం. టీమ్‌లో సగం మంది తెలుగోళ్ళం, నాది మదనపల్లి, కంట్రోల్స్ చూసే అన్నది గుంటూరు, కొత్తగా చేరిన అమ్మాయిది హిందూపురం. మా స్టాండప్ మీటింగ్ ఇంగ్లీషులో మొదలై రెండో నిమిషానికి తెలుగులోకి వచ్చేస్తుంది, కన్నడ మేనేజర్ గారు కూడా అలవాటు పడిపోయారు పాపం.

పేలోడ్ గురించి, అంటే డ్రోన్ మోసే మా కెమెరాల గురించి క్లుప్తంగా. పగటికి ఒక జూమ్ కెమెరా, రాత్రికి కూలింగ్ అక్కర్లేని థర్మల్ కెమెరా, 640 బై 512 పిక్సెల్స్, ఒక్కో పిక్సెల్ 12 మైక్రాన్లు, 8 నుంచి 14 మైక్రాన్ల పొడవున్న వేడి తరంగాల బ్యాండ్. లెన్స్ 50 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే కిలోమీటర్ దూరంలో ఒక్కో పిక్సెల్ 24 సెంటీమీటర్లు కప్పుతుంది, అంటే రెండుంబావు మీటర్ల ఎత్తున్న బండి దాదాపు తొమ్మిది, పది పిక్సెల్స్ వస్తుంది. 1958లో జాన్సన్ అనే ఆయన అమెరికా ఆర్మీ కోసం పెట్టిన లెక్క ఇప్పటికీ మా ఫీల్డులో బైబిల్ లాంటిది. ఏదో ఉంది అని తెలియడానికి రెండు పిక్సెల్స్ చాలు, అది బండా మనిషా అని చెప్పడానికి ఎనిమిది కావాలి, ఏ బండి అని చెప్పాలంటే పదమూడు దగ్గర కావాలి. సో మాది కిలోమీటర్ దగ్గర ‘బండి’ అని చెప్పగలదు, ‘ఏ బండి’ అని చెప్పలేదు. యూజర్, అంటే దీన్ని వాడబోయే సైన్యం వాళ్ళు, అడిగింది కూడా అదే, అక్కడ ఏ పేచీ లేదు.

పేచీ వచ్చిందల్లా రెండో రిక్వైర్‌మెంట్ దగ్గర. ఆపరేటర్ స్క్రీన్ మధ్యలో ఉన్న ప్లస్ గుర్తుని బండి మీద పెట్టి బటన్ నొక్కితే ఆ బండి అక్షాంశం రేఖాంశం రావాలి. వినడానికి చాలా సింపుల్. కెమెరా ఎక్కడుందో తెలుసు, ఎటు చూస్తోందో తెలుసు, ఆ చూపు గీత వెళ్ళి నేలకి ఎక్కడ తగులుతుందో లెక్క కట్టడమే. నిఘాలో అసలు విలువంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే బొమ్మ ఎంత అందంగా ఉన్నా అది ఎక్కడుందో చెప్పలేకపోతే అది వీడియో మాత్రమే, సమాచారం కాదు.

ట్రయల్ ఉత్తరాదిన, ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతం, అంతకంటే చెప్పను. డిసెంబర్. పొద్దున పూట పొగమంచు, పదింటిదాకా ఏం కనపడదు, థర్మల్ అయితే పొగమంచులోంచి కూడా చూసేస్తుంది అనుకునేవాళ్ళు అక్కడికొచ్చి చూడాలి, దట్టమైన పొగమంచులో నీటి తుంపరల సైజే ఈ బ్యాండ్ తరంగాలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి అది కూడా గుడ్డిదే. పది దాటాక ఎగరేశాం. నేలకి 500 మీటర్ల ఎత్తు, చూపు 30 డిగ్రీలు కిందికి వంచి, అంటే బండి నేల మీద లెక్కేస్తే 866 మీటర్ల అవతల, చూపు దూరం కరెక్టుగా కిలోమీటర్. బండి నిలబెట్టిన చోటు యూజర్ వాళ్ళు ముందే సర్వే చేసి పెట్టుకున్నారు.

బటన్ నొక్కాం. 58 మీటర్ల తప్పు. మళ్ళీ నొక్కాం, 52. మళ్ళీ, 61. అడిగింది 20 లోపు.

బెంగళూరులో ఇదే సిస్టమ్ 6 మీటర్లు ఇచ్చింది, రిపోర్ట్ చేతిలో ఉంది, సీల్ వేసి సంతకాలు పెట్టి మరీ ఇచ్చాం. చిక్కబళ్ళాపురం వైపు ఒక మామిడి తోట ఆసామి దగ్గర పొలం మాట్లాడుకుని టెస్టులు చేస్తుంటాం, అక్కడ ఊళ్ళో చాలామంది తెలుగే మాట్లాడతారు, మధ్యాహ్నం సంగటి కూడా వాళ్ళింట్లోనే. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకానే ఫ్రీగా ఎగరొచ్చు, అంటే 120 మీటర్లు, సో మా టెస్టులన్నీ 120 మీటర్ల ఎత్తులో, చూపు 45 డిగ్రీలు వంచి, టార్గెట్ చుట్టూ గుండ్రంగా తిరుగుతూ చేసినవే. ఈ వాక్యంలో మూడు తప్పులున్నాయి, అప్పట్లో నాకు ఒక్కటీ కనపడలేదు.

మొదటి రోజు అనుమానాలన్నీ మామూలువే. దిక్కు చెప్పే మాగ్నెటోమీటర్ మీద మొదటి అనుమానం, మోటార్ వైర్లలో కరెంటు పెరిగితే అది తప్పు చూపిస్తుందని అందరికీ తెలిసిందే, రెండు డిగ్రీల తప్పుంటే 866 మీటర్ల దగ్గర 30 మీటర్లు పక్కకి పోతుంది. రెండోది టైమింగ్, వీడియో ఫ్రేమ్ ఒక క్షణానిది, గింబల్ కోణం ఇంకో క్షణానిది అయితే ఆ గ్యాప్‌లో డ్రోన్ కదిలిపోయి ఉంటుంది, కానీ మా స్పీడు సెకనుకి 18 మీటర్లు, ఐదో వంతు సెకను తేడా ఉన్నా నాలుగు మీటర్లకి మించదు. మూడోది గింబల్ కోణమే తప్పు కావడం. గుంటూరు అన్న దీని మీదే పట్టుబట్టాడు, ట్రావెల్‌లో ఎక్కడో దెబ్బ తగిలి, కోణం కొలిచే ఎన్‌కోడర్ జరిగిందని. రైల్లో పంపించాం కదా, ఆ మాట కొట్టిపారెయ్యలేం.

మధ్యాహ్నం మళ్ళీ ఎగరేస్తే తప్పు 90 మీటర్లకి పెరిగింది. పొద్దున 55, మధ్యాహ్నం 90. ఇది మమ్మల్ని పూర్తిగా తప్పు దారి పట్టించింది. ఎండకి గింబల్ బ్రాకెట్ సాగుతోందని ఒకరు, థర్మల్ కెమెరా లెన్స్ వేడెక్కి ఫోకస్ జరిగిందని ఇంకొకరు, నేనైతే జీపీఎస్ యాంటెన్నా కింద కొత్త ఫాయిల్ వేశాం అది కారణమా అని కూడా ఆలోచించా.

రెండో రోజు నేను చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే చెమటలు పడతాయి. చిక్కబళ్ళాపురంలో చేసిన టెస్టే ఇక్కడ కూడా చేద్దాం, టార్గెట్ చుట్టూ తిప్పుదాం అన్నా. తిప్పాం. 24 రీడింగులు తీసుకున్నాం. యావరేజ్ 9 మీటర్లు. నేను ఛాతీ విరుచుకుని వెళ్ళి అక్కడున్న ఆఫీసర్ గారికి చెప్పా, సార్ మా సిస్టమ్ బాగుంది, మీ సర్వే పాయింటే ఒకసారి చెక్ చేసుకుంటే మంచిది అని. ఆయన కోప్పడలేదు. హిందీలో చాలా నెమ్మదిగా అడిగారు, సరే, శత్రువు బండి చుట్టూ మీరు ఇలాగే రౌండ్లు కొడతారా, వాళ్ళు కొట్టనిస్తారా అని.

నా దగ్గర జవాబు లేదు. 1999లో కార్గిల్ యుద్ధం జరుగుతుంటే మన ఎయిర్‌ఫోర్స్ విమానాలకే ఎల్‌ఓసి దాటొద్దని ఆదేశం ఉండింది, డ్రోన్ అయినా అంతే, మన వైపు ఉండి అవతలికి ఏటవాలుగా చూడటమే మామూలుగా జరిగేది. ఎప్పుడూ ఒకే వైపు నుంచి, ఎప్పుడూ తక్కువ కోణంతో. మేం టెస్ట్ చేసింది దానికి పూర్తిగా రివర్సు.

అసలు క్లూ ఇచ్చింది మాత్రం మా పక్కన కూర్చుని స్క్రీన్ చూస్తున్న హవల్దార్ గారు. శ్రీకాకుళం ఆయన, మేం తెలుగులో కొట్టుకుంటుంటే అన్నీ వింటున్నాడని మాకు రెండో రోజు సాయంత్రం దాకా తెలీదు. టీ తాగుతూ అన్నాడు, “సార్, మీరేటనుకోకపోతే ఒక మాట. మీ ప్లస్ గుర్తు మ్యాపులో ఎప్పుడూ బండికి ఇవతలే పడతంది సార్. మన వైపు. అవతల ఒక్కపాలి కూడా పడలేదు.”

నోట మాట రాలేదు. ఎందుకంటే రెండు రోజులుగా మేం తప్పు ఎంత అని మాత్రమే చూస్తున్నాం, ఎటు వైపు అని ఎవ్వరం చూడలేదు. ఎక్సెల్‌లో ఒకటే కాలమ్, ఎర్రర్ మీటర్లలో.

ఆ రాత్రి గెస్ట్ హౌస్ గదిలో, హీటర్ పక్కన ముగ్గురం కూర్చుని, అన్ని రీడింగుల్నీ రెండు ముక్కలుగా విడగొట్టాం. చూపు వెళ్ళే దిశలో ఎంత తప్పు, దానికి అడ్డంగా ఎంత తప్పు. అడ్డంగా వచ్చిన తప్పు 10 నుంచి 15 మీటర్లు, ఒక్క డిగ్రీ దిక్కు తప్పుకి సరిపోతుంది, అది తెలిసిన జబ్బే. మిగిలిందంతా చూపు దిశలో, ప్రతిసారీ దగ్గరికే. ఇలా విడగొట్టగానే మాగ్నెటోమీటర్, టైమింగ్ రెండూ అనుమానితుల లిస్టులోంచి బయటికి పోయాయి. దిక్కు తప్పయితే గుర్తు పక్కకి పోతుంది. టైమింగ్ తప్పయితే డ్రోన్ ఎగిరే దిశలో పోతుంది, తిరిగే వైపు మారిస్తే తప్పు కూడా వైపు మార్చుకుంటుంది. దగ్గరికో దూరానికో పోతే మాత్రం ఎత్తు తప్పు, లేదంటే కిందికి వంచిన కోణం తప్పు, ఈ రెండే.

గుండ్రంగా తిరిగినప్పుడు యావరేజ్ ఎందుకు బాగా వచ్చిందో కూడా అప్పుడే వెలిగింది. ఉత్తరం నుంచి చూస్తే గుర్తు ఉత్తరానికి 55 మీటర్లు జరుగుతుంది, దక్షిణం నుంచి చూస్తే దక్షిణానికి. 24 గుర్తులూ బండి చుట్టూ గాజులా పేర్చుకుని ఉన్నాయి, ఒక్కటి కూడా బండి మీద లేదు, వాటి మధ్య బిందువు మాత్రం బండి మీద! నేను ఆఫీసర్ గారికి చూపించింది ఆ మధ్య బిందువు.

ఇక మిగిలింది ఎత్తా కోణమా అని తేల్చడం. దీనికి మంచి పద్ధతి ఒకటుంది, వేర్వేరు కోణాల్లో చూసి తప్పు ఎలా పెరుగుతుందో గమనించడం. ఫ్లైట్ లాగ్ రికార్డుల్లో 60, 30, 15 డిగ్రీల దగ్గర పొద్దున పూట తీసిన రీడింగులు దొరికాయి. 60 దగ్గర 20 మీటర్లు, 30 దగ్గర 55, 15 దగ్గర 120. గింబల్ కోణంలో తప్పుంటే 30 నుంచి 15కి వచ్చేసరికి తప్పు నాలుగు రెట్లకి దగ్గరగా పెరగాలి. ఎత్తు తప్పయితే రెండు రెట్ల కంటే కొంచెం ఎక్కువ. మాది 55 నుంచి 120. ఎత్తే. లెక్క వెనక్కి కడితే ఎత్తులో తప్పు 32 మీటర్లు వచ్చింది. గుంటూరు అన్న తన ఎన్‌కోడర్ థియరీని వదలడానికి ఇంకో పావుగంట పట్టింది, అది వేరే కథ.

32 అనే నంబర్ చూడగానే నాకు కడుపులో తిప్పింది. హిందూపురం అమ్మాయి ఈలోపు టేకాఫ్‌కి ముందు లాగ్ తెరిచింది. “అన్నా, డ్రోన్ నేల మీదే ఉంది, ఇంకా లేవలేదు, కానీ నేల నుంచి ఎత్తు మైనస్ 32 అని ఉంది, స్క్రీన్ మీద మాత్రం సున్నా చూపించాం, ఎందుకన్నా?” అని అడిగింది. ఎందుకంటే నెగటివ్ వస్తే సున్నా చూపించు అని స్క్రీన్ కోడ్‌లో ఒక లైనుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుందని ఎవరో ఎప్పుడో పెట్టారు. ఆ ఒక్క లైన్ లేకపోతే మొదటి రోజు పొద్దున్నే, డ్రోన్ లేవకముందే, నేల కింద 32 మీటర్ల లోతులో ఉన్నామని స్క్రీనే చెప్పేసేది.

ఇప్పుడు 32 ఎక్కడిదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. జీపీఎస్‌కి సముద్ర మట్టం అంటే ఏంటో తెలీదు. దానికి తెలిసింది డబ్ల్యూజీఎస్ 84 అనే నున్నటి గుడ్డు ఆకారం, ఎత్తు దాని మీద నుంచి కొలుస్తుంది. అసలు సముద్ర మట్టం ఆ గుడ్డు మీద కచ్చితంగా ఉండదు, భూమి లోపలి బరువుని బట్టి కొన్నిచోట్ల పైకి కొన్నిచోట్ల కిందికి ఉంటుంది, ఆ మట్టాన్ని జియాయిడ్ అంటారు. మిగతా దేశాల్లో చాలామందికి ఇది ఇంతకంటే చిన్న గొడవ. మనకి మాత్రం ప్రపంచంలోనే అతి పెద్ద గుంట పక్కనే ఉంది. శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో జియాయిడ్ గుడ్డు కంటే 106 మీటర్లు కిందికి దిగిపోతుంది. 1948లోనే డచ్ శాస్త్రవేత్త వెనింగ్ మైనెజ్ ఓడలో గ్రావిటీ కొలుస్తూ దీన్ని పట్టుకున్నాడు, అది ఎందుకలా ఉందో వివరిస్తూ 2023లో మన బెంగళూరు ఐఐఎస్సీ వాళ్ళు పేపర్ రాశారు, ఆఫ్రికా కింద నుంచి వచ్చిన వేడి పదార్థం, మునిగిపోయిన పాత సముద్రపు అడుగు పలకలు కారణమని. ఆ గుంట అంచు బెంగళూరు దాకా పాకుతుంది, ఇక్కడ తేడా మైనస్ 86కి అటూ ఇటూ. బెంగళూరు సముద్ర మట్టానికి 920 మీటర్లు అని స్కూల్లో చదువుకున్నాం కదా, జీపీఎస్ సొంత లెక్కలో అది 834. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కరెక్షన్ చెయ్యని యాప్ ఏదైనా పెట్టి చూడండి, అదే వస్తుంది. చెన్నై మెరీనా బీచ్‌లో నిలబడి చూస్తే మైనస్ ఎనభై ఎంతో చూపిస్తుంది, మా కజిన్ ఒకడు ఫోన్ పాడైందని సర్వీస్ సెంటర్‌కి కూడా వెళ్ళొచ్చాడు.

మా చూపు గీత నేలకి తగిలే చోటు లెక్క కట్టాలంటే నేల ఎత్తుల మ్యాప్ కావాలి, దీన్ని మేం డెమ్ అంటాం. మొదట్లో నాసా వాళ్ళ ఎస్‌ఆర్‌టీఎం వాడాం, 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ ఎండెవర్ రాడార్‌తో 11 రోజుల్లో తీసినది. అందులో ఎత్తులు సముద్ర మట్టం నుంచి. మా డ్రోన్ ఎత్తు కూడా సముద్ర మట్టం నుంచే వచ్చేది, జీపీఎస్ చిప్ లోపలే జియాయిడ్ టేబుల్ పెట్టుకుని మార్చి ఇస్తుంది కాబట్టి. రెండూ ఒకే లెక్క, సమస్యే లేదు. ట్రయల్‌కి ఏడాది ముందు యూజర్ వైపు నుంచి మన దేశపు డేటా వాడండి అని వచ్చింది, న్యాయమైన మాటే, ఇస్రో కార్టోశాట్-1 ఉపగ్రహంతో తీసిన కార్టోడెమ్ అనే ఎత్తుల మ్యాప్ వాళ్ళ భువన్ సైట్‌లో దొరుకుతుంది, ఫైల్ మార్చేశాం. కార్టోడెమ్‌లో ఎత్తులు గుడ్డు మీద నుంచి. అది దాని తప్పు కాదు, డాక్యుమెంట్‌లో రాసే ఉంటుంది. నేను చదవలేదు.

మార్చిన రోజు చిక్కబళ్ళాపురంలో ఎగరేస్తే గుర్తు టార్గెట్ అవతల 86 మీటర్ల దూరంలో పడింది, డ్రోన్ తిరుగుతుంటే అది కూడా గడియారం ముల్లులా చుట్టూ తిరిగింది. 45 డిగ్రీల దగ్గర ఎత్తులో ఎంత తప్పుంటే నేల మీద అంతే తప్పు వస్తుంది, సో ఎత్తు 86 తేడా అని వెంటనే తెలిసిపోయింది. మరుసటి రోజు డెలివరీ ఉంది. నేనేం చేశానంటే, కాన్ఫిగ్ ఫైల్లో ‘డెమ్ ఆఫ్‌సెట్ = 86’ అని, అంటే మ్యాపులో ప్రతి ఎత్తుకీ 86 కలుపు అని, ఒక లైన్ కొట్టి, మళ్ళీ ఎగరేసి, బాగా వచ్చిందని చూసుకుని, ఇంటికెళ్ళి పడుకున్నా. పక్కన ‘తర్వాత చూడాలి’ అని కామెంట్. ఆ ‘తర్వాత’ ఎప్పుడూ రాలేదు.

ఢిల్లీ ప్రాంతంలో తేడా మైనస్ 54 దగ్గర. నేను 86 కలిపేశా. నేల ఉన్న చోటు కంటే 32 మీటర్లు పైన ఉందని సాఫ్ట్‌వేర్ నమ్మింది, చూపు గీత ముందే నేలకి తగిలేసింది, గుర్తు బండికి ఇవతల పడింది. 32 మీటర్లని 30 డిగ్రీల కోణానికి లెక్క కడితే 55. హీటర్ పక్కన కూర్చుని ఇది చెప్తుంటే, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా మొహమే అన్నీ చెప్పేసిందట, అమ్మాయి తర్వాత నవ్వుతూ చెప్పింది.

మరి మధ్యాహ్నం 90 ఎందుకు? ఇది రెండో దొంగ, వీడు చిన్నవాడు. డ్రోన్ లేచే చోటి ఎత్తు జీపీఎస్‌ది, గాల్లోకి లేచాక అక్కడి నుంచి ఎంత ఎక్కిందో మాత్రం బారోమీటర్‌తో కొలుస్తుంది, గాలి ఒత్తిడి ఎంత తగ్గిందో చూసి. ఆ ఫార్ములా స్టాండర్డ్ వాతావరణాన్ని నమ్ముతుంది, ఆ ఎత్తులో నేల మీద 13, 14 డిగ్రీలుండాలని. పొద్దున సరిగ్గా అంతే ఉంది కాబట్టి తప్పు రాలేదు. మధ్యాహ్నం 25 అయింది. వేడి గాలి పలచగా ఉంటుంది, అదే ఒత్తిడి తగ్గడానికి ఇంకా పైకి ఎక్కాలి. పది డిగ్రీలకి నాలుగు శాతం దాకా తేడా అని పైలట్లు వాడే మోటు లెక్క ఒకటుంది. 500 మీటర్ల మీద నాలుగు శాతం అంటే 20 మీటర్లు, డ్రోన్ నిజంగా 520లో ఉండి నేను 500లో ఉన్నా అంటుంది. 32కి ఈ 20 కలిస్తే 52, 30 డిగ్రీల దగ్గర 90. రీడింగుతో మీటరు తేడా లేకుండా సరిపోయింది. ఇది చిక్కబళ్ళాపురంలో కూడా ఉండేది, 920 మీటర్ల ఎత్తుకి స్టాండర్డ్ 9 డిగ్రీలు, అక్కడ ఎప్పుడూ 28 పైమాటే, కానీ 120 మీటర్ల ఎత్తులో అది 9 మీటర్ల దగ్గరే, అది కూడా రౌండ్ల యావరేజ్‌లో కొట్టుకుపోయింది.

పొద్దున్నే ఆఫీసర్ గారి దగ్గరికి వెళ్ళి తప్పు మాదేనని, మీ సర్వే పాయింట్ కరెక్టేనని చెప్పా. హవల్దార్ గారికి కూడా చెప్పా, ఆయన “మంచిదేనండి” అని ఊరుకున్నాడు. అక్కడికక్కడ 86ని 54 చేసి డెమో ఇచ్చెయ్యొచ్చు, మా మేనేజర్ ఫోన్లో అదే అడిగారు కూడా. గుంటూరు అన్న వద్దన్నాడు, అదే రోగం కదా మళ్ళీ అన్నాడు. వాయిదా అడిగి రెండు నెలలు టైమ్ తెచ్చుకున్నాం.

పీణ్యకి వచ్చాక చేసిన పని పెద్దదేం కాదు కానీ చిరాకైనది. లోపల లెక్కలన్నీ గుడ్డు మీద ఎత్తులోకే మార్చేశాం, డ్రోన్, డెమ్, టార్గెట్ అన్నీ. సముద్ర మట్టం ఎత్తు ఆపరేటర్‌కి చూపించేటప్పుడు మాత్రమే, అది కూడా ఆ చోటికి ఈజీఎం 2008 అనే జియాయిడ్ టేబుల్లో ఎంతుందో చూసి. డెమ్ ఫైల్ ఏ లెక్కలో ఉందో రాయకపోతే సాఫ్ట్‌వేర్ ఆ ఫైల్ తెరవనే తెరవదు. వీడియోతో పాటు పంపే మెటాడేటాలో, అది ఎలా నింపాలో చెప్పే ఎంఐఎస్‌బీ 0601 స్టాండర్డ్ ప్రకారం, సముద్ర మట్టం ఎత్తుకి ట్యాగ్ 15, గుడ్డు మీద ఎత్తుకి ట్యాగ్ 75 అని వేర్వేరుగా ఉంటాయి, మేం ఇన్నాళ్ళూ 15 మాత్రమే నింపి 75 ఖాళీగా వదిలేశాం, స్టాండర్డ్ రాసినవాళ్ళు రెండు ఎందుకు పెట్టారో ఎప్పుడూ ఆలోచించకుండా. బారోమీటర్‌ని ఎత్తు తీర్పరిగా తీసేసి, చిన్న చిన్న ఊగిసలాటలు సర్దడానికి మాత్రమే ఉంచి, అసలు ఎత్తు జీపీఎస్ నుంచి తీసుకున్నాం. సున్నా చూపించే లైన్ పీకేశాం, ఇప్పుడు నేల మీద మైనస్ 5 దాటితే స్క్రీన్ ఎర్రగా అవుతుంది, ఎగరనివ్వదు.

ఇంకో దారి కూడా చర్చకి వచ్చింది, లేజర్ రేంజ్ ఫైండర్ పెడితే ఈ డెమ్ గొడవే ఉండదు కదా అని. నిజమే, దూరం నేరుగా తెలిసిపోతుంది. కానీ మా గింబల్‌లో అంత బరువుకి చోటు లేదు, పైగా కంటికి హాని చెయ్యని 1.5 మైక్రాన్ల రకమే వాడాలి, ఇంకా పెద్ద ఇబ్బంది ఏంటంటే లేజర్ కొడితే అవతలివాళ్ళ దగ్గర లేజర్ వార్నింగ్ రిసీవర్ ఉంటే మనం చూస్తున్నామని వాళ్ళకి తెలిసిపోవచ్చు. కెమెరా ఒక్కటే అయితే చడీచప్పుడు ఉండదు. నిఘాకి ఆ గుట్టుతనం విలువ నాకు ఆ ట్రయల్ గ్రౌండ్‌లోనే అర్థమైంది, ఆఫీసులో కూర్చుంటే లేజర్ పెట్టేద్దాం అనే అనేవాణ్ణి.

టెస్టు పద్ధతి మార్చడమే నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద మార్పు. ఇప్పుడు రౌండ్లు కొట్టం. ఒకే వైపు నుంచి, 60, 30, 15 డిగ్రీల్లో, పొద్దున ఒకసారి మధ్యాహ్నం ఒకసారి, చూపు దిశలో తప్పు వేరే, అడ్డంగా తప్పు వేరే, యావరేజ్ అనే మాట రిపోర్టులో ఉండకూడదు. ఎక్కువ ఎత్తుకి పర్మిషన్ తెచ్చుకోవడం తలనొప్పే, పేపర్లు తిరిగి తిరిగి మూడు వారాలు పట్టింది, అయినా 120 మీటర్ల రిజల్టుని 500కి సాగదీసి రాయడం మానేశాం. తోట ఆసామి అయితే ఏంది సార్ ఈమధ్య మీ విమానం ఒకే పక్క నిలబడి చూస్తా ఉంది, అలిగిందా అన్నాడు.

రెండో ట్రయల్ ఫిబ్రవరిలో, అదే గ్రౌండు. 30 డిగ్రీల దగ్గర చూపు దిశలో 8 నుంచి 12 మీటర్లు, పొద్దునైనా మధ్యాహ్నమైనా అంతే. అడ్డంగా 10 నుంచి 14, దిక్కు తప్పు అలాగే ఉంది, రెక్కల మీద రెండు యాంటెన్నాలు పెట్టి జీపీఎస్‌తోనే దిక్కు కొలిచే పని ఇంకా నడుస్తోంది. 15 డిగ్రీల దగ్గర మాత్రం 20 దాటింది, డెమ్‌లోనే కొన్ని మీటర్ల తప్పుంటే అక్కడ అది నాలుగింతలవుతుంది, దాన్ని మేం ఏం చెయ్యలేం, ఆపరేటర్ స్క్రీన్ మీద ప్లస్ గుర్తు చుట్టూ పొడవాటి దీర్ఘవృత్తం గీసి తప్పు ఎటు ఎంత సాగొచ్చో చూపిస్తున్నాం. ఆఫీసర్ గారికి కోఆర్డినేట్స్ కంటే ఆ దీర్ఘవృత్తమే ఎక్కువ నచ్చింది.

తేలనిది ఒకటుంది. ఎత్తుకి జీపీఎస్‌ని నమ్ముకున్నాం, బోర్డర్ దగ్గర జీపీఎస్ జామ్ చేస్తే మళ్ళీ బారోమీటరే గతి. దానికి టేకాఫ్ దగ్గర నేల మీద ఉష్ణోగ్రత కొలిచి కరెక్షన్ పెట్టాం, మధ్యాహ్నం బాగానే పనిచేసింది, 20 మీటర్ల తప్పు 5కి దిగింది. పొద్దున పూట పనిచెయ్యలేదు. చలికాలం పొద్దున నేల దగ్గర గాలి చల్లగా, పైన వెచ్చగా ఉంటుంది, నేల మీద కొలిచిన ఉష్ణోగ్రత పైన గాలి సంగతి చెప్పదు. కరెక్షన్ లేకుండా ఉన్నదే మేలు అన్నట్టు వచ్చింది ఒకరోజు. డ్రోన్ ఎక్కుతూ దారిలో ఉష్ణోగ్రత కొలుచుకుంటూ పోయేలా రెక్క కింద చిన్న సెన్సర్ పెట్టాం, దాని మీద ఎండ పడకుండా గొట్టం చెయ్యడానికి పక్క షెడ్డు సీఎన్‌సీ అన్నకి డ్రాయింగ్ ఇచ్చా, వచ్చే వారం ఇస్తానన్నాడు.